ఏ పుంజును ఉంచుకోవాలి?

కిందటేడు కార్తీకమాసంలో ఒక సాయంత్రం. బడి వదిలారు. నేను ప్రయోగశాల తలుపుకు తాళం వేస్తూ ఉంటే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి నిలబడింది.

"మాస్టారూ, పోయిన జుట్టు మళ్లీ వస్తుందాండీ?" అని అడిగింది.

నా చెయ్యి నాకు తెలియకుండానే నా బట్టతలమీదికి పోయింది. ఆ పిల్ల కంగారుపడి, "మీది కాదండీ, మా కోళ్ల జుట్టు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ అమ్మాయిది రంపచోడవరం మన్యం అంచున ఒక చిన్న పల్లె. ఇంట్లో కోళ్ల పెంపకమంతా వాళ్ల మామ్మది. మూడేళ్ల కిందట మామ్మ దగ్గర నాలుగు నాటు పెట్టలుండేవి. వాటి జుట్టు ఒంటి రేకుది. రంపం పళ్లలా నిక్కపొడుచుకొని ఉండేది. ఆ ఏడు మేనమామ ఒక అసీల్ జాతి పుంజును తెచ్చిచ్చాడు. దాని జుట్టు అలా ఉండదు. నెత్తికి అంటుకుపోయి, మూడు వరుసల్లో చిన్న చిన్న బొడిపెలతో, బఠాణీ గింజలు అంటించినట్టు ఉంటుంది. ఆ పుంజుకు పుట్టిన పిల్లలన్నిటికీ బఠాణీ జుట్టే వచ్చింది. పెట్టల ఒంటిరేకు జుట్టు ఒక్క పిల్లకూ రాలేదు. ఆ తరవాత పుంజును అడవిపిల్లి ఎత్తుకుపోయింది. దాని కొడుకే మందకు పెద్ద అయింది. ముసలి పెట్టలు నాలుగూ ఒక్కటొక్కటే పోగా, మందలో మిగిలినవన్నీ బఠాణీ జుట్టు కోళ్లే.

"ఈ వేసవిలో 31 పిల్లలు లేచాయండీ. 22 పిల్లలకు బఠాణీ జుట్టు. తక్కిన 9 పిల్లలకు ఒంటిరేకు జుట్టు. తల్లికీ లేదు, తండ్రికీ లేదు. మరి ఎక్కడినుంచి వచ్చిందండీ?" ఇదీ ఆ అమ్మాయి సందేహం. ఎవరూ చెప్పకుండానే పిల్లల్ని లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంది చూశారా! సగం శాస్త్రజ్ఞత అక్కడే ఉంది.

వెళ్లబోతూ మరో మాట కూడా అడిగింది. "మా దగ్గర మూడు పడుచు పుంజులున్నాయండీ. పండక్కి రెండు అమ్మేసి ఒకటే ఉంచుతానంటున్నాడు నాన్న. అన్నిటికన్నా పెద్దదానికి అప్పుడే బేరం వచ్చింది. ఏది ఉంచమని చెప్పనండీ?"

పిల్లలూ! మొదటి ప్రశ్న పాఠంలోది. రెండో ప్రశ్న బతుకులోది. కాని రెండింటికీ జవాబు ఒక్కచోటే దొరుకుతుంది. అది ఎలాగో చూద్దాం.

అడవి కోడి నుంచి పెరటి కోడి దాకా

మన పెరటి కోళ్లన్నిటికీ మూలపురుషుడు ఎర్ర అడవికోడి. శాస్త్రజ్ఞులు దీన్ని గాలస్ గాలస్ అంటారు. ఈ సంగతిని చార్లెస్ డార్విన్ 1868లోనే తన గ్రంథంలో రాశాడు. 2020లో ప్రచురించిన జన్యు పరిశోధనలు కూడా దీన్నే బలపరిచాయి. నైరుతి చైనా, మయన్మార్, ఉత్తర థాయిలాండ్ ప్రాంతాల ఎర్ర అడవికోళ్లకూ మన కోళ్లకూ దగ్గరి చుట్టరికం ఉందని అవి తేల్చాయి. థాయిలాండ్‌లో తవ్వకాల్లో దొరికిన కోడి ఎముకల్ని బట్టి, మనిషి కోడిని పెంచడం సుమారు 3,500 సంవత్సరాల కిందట మొదలై ఉంటుందని 2022లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. వరి పండించే చోట రాలిన గింజల కోసం అడవికోళ్లు వచ్చి ఉంటాయని, అలా మనిషికి మచ్చికయ్యాయని వారి ఊహ. వడ్లు తూర్పారబట్టే కళ్లంలోకి మన కోళ్లు ఎలా ఉరుకుతాయో చూసినవాళ్లకు ఈ మాట నమ్మబుద్ధి అవుతుంది!

మన దక్షిణాదిలో మరో అడవికోడి ఉంది. అది బూడిదరంగు అడవికోడి. కొన్ని కోళ్ల కాళ్లు, తోలు పసుపుపచ్చగా ఉండడం మీరు గమనించే ఉంటారు. ఆ పసుపును ఇచ్చే జన్యువు ఎర్ర అడవికోడిది కాదనీ, ఈ బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందనీ 2008లో కనుగొన్నారు. అంటే ప్రపంచంలో కోట్ల కోళ్ల కాళ్లమీద మన ప్రాంతపు అడవికోడి చేసిన సంతకం ఉందన్నమాట!

అడవికోడి బరువు కిలో అటూ ఇటూ ఉంటుంది. ఏడాదికి పదీ పదిహేను గుడ్లు పెడుతుంది. అటువంటి పక్షి నుంచి నాలుగైదు కిలోలు తూగే అసీల్ పుంజు, ఏడాదికి 300 గుడ్ల దాకా పెట్టే తెల్ల లెగ్‌హార్న్ పెట్ట ఎలా వచ్చాయి? ఎవరూ మంత్రం వెయ్యలేదు. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు, "ఈ కోడిని కోద్దాం, ఈ కోడిని ఉంచుదాం" అని నిర్ణయించారు. ఉంచిన కోడి గుణాలు తరవాతి తరానికి వెళ్లాయి. కోసిన కోడి గుణాలు కూరతో పోయాయి. ఇలా మనిషి చేసే ఎంపికను శాస్త్రంలో కృత్రిమ వరణం అంటారు.

జుట్టు చెప్పిన లెక్క

ఇక అమ్మాయి మొదటి ప్రశ్న. గ్రెగర్ మెండెల్ బఠాణీ మొక్కలమీద చేసిన ప్రయోగాలు మీరు పాఠంలో చదువుతారు. అవి 1866లో అచ్చయ్యాయి. 1900 దాకా వాటిని పట్టించుకున్నవారు దాదాపు లేరు. ఆ ఏడు అవి మళ్లీ వెలుగులోకి రాగానే ఒక ప్రశ్న పుట్టింది: మొక్కలకు సరే, జంతువులకు ఈ సూత్రాలు వర్తిస్తాయా? వర్తిస్తాయని చూపిన తొలి ప్రయోగాల్లో కోళ్లమీద జరిగినవి ముఖ్యమైనవి. వాటిని 1902లో ప్రకటించినవాడు ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు విలియం బేట్‌సన్. 1905లో ఈ శాస్త్రానికి "జెనెటిక్స్" అని పేరుపెట్టినవాడు కూడా ఆయనే. తరవాత ఆయనతో కలిసి పనిచేసిన పన్నెట్ పేరు మీకు తెలిసే ఉంటుంది. పాఠ్యపుస్తకంలో గడులు గీసి జన్యువులు నింపుతారే, ఆ పన్నెట్ చదరం ఆయనదే.

ప్రతి కోడిలో జుట్టు ఆకారానికి సంబంధించి ఒక జత జన్యువులుంటాయి. జతలో ఒకటి తండ్రి ఇచ్చింది, ఒకటి తల్లి ఇచ్చింది. బఠాణీ జుట్టు జన్యువును "బ" అందాం. ఒంటిరేకు జుట్టు జన్యువును "ఒ" అందాం. మేనమామ తెచ్చిన పుంజు "బబ". మామ్మ పెట్టలు "ఒఒ". పిల్లలకు తండ్రి నుంచి బ, తల్లి నుంచి ఒ వచ్చి, అన్నీ "బఒ" అయ్యాయి. ఈ జతలో బ పైకి కనిపిస్తుంది. అది బహిర్గత లక్షణం. ఒ దాగి ఉంటుంది. అది అంతర్గత లక్షణం. అందుకే మొదటి తరంలో అన్నిటికీ బఠాణీ జుట్టే వచ్చింది.

ఆ పిల్లలు పెరిగి వాటిలో అవి జతకడితే ఏమవుతుంది? తండ్రి నుంచి బ రావచ్చు, ఒ రావచ్చు. తల్లి నుంచీ అంతే. నాలుగు గడులు గీసి చూడండి. బబ, బఒ, ఒబ, ఒఒ వస్తాయి. నాలుగింట మూడింటికి బఠాణీ జుట్టు, ఒకదానికి ఒంటిరేకు జుట్టు. 31 పిల్లల్లో నాలుగో వంతు అంటే సుమారు 8. అమ్మాయి లెక్కలో 9 ఉన్నాయి. ఇంత చిన్న మందలో ఇంతకన్నా దగ్గరి లెక్క ఆశించకూడదు. నాణెం ఎనిమిదిసార్లు ఎగరేస్తే ప్రతిసారీ నాలుగు బొమ్మలే పడతాయా?

కాబట్టి పోయిన జుట్టు నిజానికి పోనే లేదు. ఒక తరం పాటు దాక్కుంది, అంతే.

బేట్‌సన్, పన్నెట్ ఇంతకన్నా విచిత్రం చూశారు. గులాబీ జుట్టు అని మరో రకం ఉంది. వెడల్పుగా, చదునుగా, వెనకవైపు మొనదేలి ఉంటుంది. స్వచ్ఛమైన గులాబీ జుట్టు కోడినీ బఠాణీ జుట్టు కోడినీ జతచేస్తే పిల్లలకు ఆ రెండూ రాలేదు. అక్రోటు కాయలాంటి కొత్త జుట్టు వచ్చింది! ఆ పిల్లల్ని వాటిలో వాటినే జతచేస్తే ప్రతి 16 పిల్లలకు 9 అక్రోటు, 3 గులాబీ, 3 బఠాణీ, 1 ఒంటిరేకు చొప్పున వచ్చాయి. రెండు వేర్వేరు జన్యువులు కలిసి ఒకే అవయవాన్ని తీర్చిదిద్దుతాయని ఆ కోళ్లే మొదట నేర్పాయి.

ఒక్కో జాతి ఒక్కో సొత్తు

జుట్టు సంగతి పైకి కనిపించే గుణం. పైకి కనిపించని గుణాలు ఇంకా విలువైనవి. వాటిని ఒక్కో జాతి ఒక్కో విధంగా దాచిపెట్టుకుంది.

అసీల్ మన ఆంధ్రదేశం, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాల జాతి. పొడుగు కాళ్లు, నిటారు మెడ, గట్టి కండ. మనవాళ్లు వీటిని ఈకల రంగునుబట్టి డేగ, కాకి, సేతువ, నెమలి అంటూ పిలుస్తారు. వీటిని పందాల కోసం పెంచారు. కాళ్లకు కత్తులు కట్టి జంతువులను పోట్లాడించడం క్రూరం. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. కాని ఈ జాతి విలువ పందెంలో లేదు. దీని పెట్ట గుడ్లు తక్కువగా పెట్టినా, పొదగడంలోనూ పిల్లలను గద్దల నుంచి కాపాడడంలోనూ దానికదే సాటి.

కడక్‌నాథ్ మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కోడి. ఈకలే కాదు, తోలు, మాంసం, ఎముకలమీది పొర కూడా నల్లగా ఉంటాయి. 2018లో దీని మాంసానికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ నలుపు చాలావరకు బహిర్గత లక్షణం. కనుక వేరే కోడితో కలిపి పుట్టించిన పిల్లల్లో కూడా నలుపు కనిపిస్తుంది. నల్లగా ఉన్నంతమాత్రాన స్వచ్ఛమైన జాతి అనుకొని ఎక్కువ డబ్బు పొయ్యకూడదు. "బఒ" కోడి జుట్టు చూసి "బబ" అనుకోవడం ఎలాంటి పొరపాటో ఇదీ అలాంటిదే.

బోసిమెడ కోడిని చూస్తే కొందరు, "పాపం, ఈకలు రాలిపోయాయి" అంటారు. రాలిపోలేదు, అసలు మొలవలేదు. దీనికి కారణమైన జన్యువు ఒకటి ఉంటే ఒంటిమీద ఈకలు సాధారణ కోడికన్నా ఐదోవంతుకు పైగా తగ్గుతాయి. రెండూ ఉంటే ఇంకా తగ్గుతాయి. కోడికి చెమట పట్టదు. ఒంటి వేడి నోరు తెరిచి రొప్పడంవల్లా, ఈకలు లేని తోలు ద్వారా, జుట్టు ద్వారా పోవాలి. రోహిణీకార్తె ఎండల్లో రోళ్లు పగులుతాయంటారు. అటువంటి ఎండల్లో బోసిమెడ ఒక వరం.

తెల్ల లెగ్‌హార్న్ ఇటలీ మూలం గల జాతి. ఏళ్ల తరబడి ఎక్కువ గుడ్లు పెట్టే పెట్టలనే, వాటి కొడుకులనే ఎంచుకుంటూ పోయి దాన్ని గుడ్ల యంత్రంగా మార్చారు. కాని ఆ దారిలో అది ఒక విద్య మరిచిపోయింది.

పొదగడం మరిచిన పెట్ట

నాటు పెట్ట పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి ఆగిపోతుంది. ఈకలు ఉబ్బించి, దగ్గరికి వెళితే గుర్రుమంటూ గంపలోనే కూర్చుంటుంది. "కోడి పొదుగుకొచ్చింది" అంటారు మన ఇళ్లలో. ఆ సమయంలో దాని మెదడు కింది పీయూష గ్రంథి ప్రొలాక్టిన్ అనే హార్మోనును ఎక్కువగా వదులుతుంది. ఆ హార్మోను పెరిగితే గుడ్లు పెట్టడం ఆగుతుంది. పొదగడానికి 21 రోజులు, పిల్లలను తిప్పడానికి మరికొన్ని వారాలు పోతాయి. అందువల్ల నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లకు మించి పెట్టలేదు. ఎక్కువ గుడ్లు కావాలనుకున్న మనిషి పొదుగుకురాని పెట్టలనే ఎంచుకుంటూ పోయాడు. గుడ్లు పెరిగాయి. తల్లితనం పోయింది.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజ, గ్రామప్రియ అనే రకాలను తయారుచేసింది. రంగు ఈకలు, తిరిగి మేసే అలవాటు, నాటు పెట్టకు రెండు మూడు రెట్ల గుడ్లు. ఎందరో గ్రామీణుల ఇళ్లలో ఇవి పౌష్టికాహారం పెంచాయి. అయితే వీటి విషయంలో రెండు సంగతులు తెలియక కొందరు నష్టపోతారు. మా బంధువు ఒకాయన నాటుకోళ్లన్నీ అమ్మేసి ఇటువంటి పిల్లలనే కొన్నాడు. మొదటి ఏడు బుట్టల నిండా గుడ్లు. కాని ఒక్క పెట్టా పొదుగుకు రాలేదు. పక్కింటి నాటు పెట్ట కింద ఆ గుడ్లు పెట్టించాడు. లేచిన పిల్లలు పెద్దయ్యాక ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఒకటి గుడ్లు బాగా పెట్టింది, మరొకటి పెట్టలేదు. "మోసపోయాను" అన్నాడాయన.

మోసం కాదు, మెండెల్ సూత్రం! ఇవి వేర్వేరు మూలాలను కలిపి తెచ్చిన సంకర రకాలు. "బఒ" జంటకు బబ, బఒ, ఒఒ పుట్టినట్టే, వాటి పిల్లల్లో గుణాలు మళ్లీ విడిపోతాయి. పైగా బరువు, గుడ్ల సంఖ్య వంటివి ఒక్క జన్యువుతో వచ్చేవి కావు, ఎన్నో జన్యువుల కలయిక. కనుక అటువంటి కోళ్లు కావాలంటే పిల్లలను ప్రతిసారీ కొత్తగా తెచ్చుకోవాలి. పొదిగించడానికి నాలుగు నాటు పెట్టలను ఇంట ఉంచుకోవాలి. కొత్తది తెచ్చుకోవద్దని కాదు, పాతదాన్ని పారెయ్యవద్దని చెప్పడం.

మా ఇంట్లో జరిగిన పొరపాటు

పిల్లలూ, ఇప్పుడు నా ఇంటి సంగతి చెబుతాను. నా చిన్నతనంలో మా అమ్మ పదిహేను కోళ్ల దాకా పెంచేది. ప్రతి సంక్రాంతికీ మందలో అన్నిటికన్నా పెద్ద పుంజును నేనే చంకన పెట్టుకొని సంతకు తీసుకెళ్లేవాణ్ణి. మంచి ధర పలికేది. రెండోదాన్ని పండగనాడు కోసేవాళ్లం. ఎవరూ కొననిది, బక్కపలచనిది గంప కింద మిగిలేది. మరుసటేటి పిల్లలకు తండ్రి అదే!

ఆరేడేళ్లు గడిచాయి. ఒక సంతలో బేరగాడు మా పుంజును చేత్తో ఎత్తి చూసి, "ఏం బాబూ, పావురాన్ని తెచ్చావా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఏడుపొచ్చి ఇంటికి వచ్చేశాను. మా అమ్మ, "దిష్టి తగిలింది" అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. దిష్టి కాదని డిగ్రీలో జంతుశాస్త్రం చదివాకగాని నాకు తెలియలేదు. మేము కూడా ఎంపిక చేశాం. అయితే తలకిందులుగా చేశాం. మంచిదాన్ని అమ్మి, మిగిలినదాన్ని ఉంచాం.

దీనికి తోడు మరో తప్పు. ఏళ్ల తరబడి బయటినుంచి పుంజును తేలేదు. అన్నాచెల్లెళ్లు, తండ్రీ కూతుళ్లు జతకట్టేవి. దాగి ఉన్న చెడ్డ అంతర్గత జన్యువులు రెండు వైపులనుంచీ వచ్చి కలిసే అవకాశం అప్పుడు పెరుగుతుంది. గుడ్లు తక్కువ పొదుగుతాయి. పిల్లలు బలహీనంగా పుడతాయి. అమ్మాయి మందలో దాగిన జుట్టు బయటపడింది చూశారా, చెడ్డ గుణాలూ అచ్చం అలాగే బయటపడతాయి.

చివరకు ఒక ఎండాకాలం కొక్కెర తెగులు వచ్చింది. కోళ్లు మెడలు మెలితిప్పుకొని, రెక్కలు వాల్చి, ఆకుపచ్చగా రెట్ట వేస్తూ వారం రోజుల్లో ఒక్కటీ మిగలకుండా పోయాయి. దీన్నే రాణిఖేత్ వ్యాధి అంటారు. ఇది వైరస్ వల్ల వస్తుంది. వచ్చాక మందు లేదు. రాకుండా టీకా ఉంది. మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో వేసే చుక్క, రెండు నెలల వయసులో సూది. ఎప్పుడెప్పుడు వెయ్యాలో మీ ఊరి పశువైద్యశాలలో అడగండి. చచ్చిన కోళ్లను కాలవలో పారెయ్యకుండా సున్నం చల్లి లోతుగా పూడ్చాలి. కోళ్లు ఒక్కసారిగా చనిపోతుంటే చేత్తో ముట్టుకోకుండా వెంటనే పశువైద్యుడికి చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మరిచిపోకూడదు. ఎంత మంచి జాతి అయినా టీకా లేకపోతే దాచిన సొత్తు ఒక్క వారంలో పోతుంది.

పుంజు అంటే మందలో సగం

మందలో ఒక పుంజు, ఎనిమిది పెట్టలు ఉన్నాయనుకోండి. ఎనిమిది పెట్టలూ కలిసి పిల్లలకు ఇచ్చేది సగం జన్యువులు. మిగతా సగం ఆ ఒక్క పుంజుదే. అందుకే పుంజు మందలో సగం అంటాను.

"పుంజు గుడ్లు పెట్టదు కదా, గుడ్ల గుణంతో దానికేం పని?" అని మీరు అడగవచ్చు. పెట్టదు గాని తల్లి నుంచి వచ్చిన ఆ గుణాన్ని మోస్తుంది, కూతుళ్లకు అందిస్తుంది. ఇంకో విశేషం చూడండి. మనుషుల్లో పుట్టేది ఆడా మగా అన్నది తండ్రి ఇచ్చే క్రోమోసోమునుబట్టి ఉంటుంది. ఆడపిల్ల పుట్టిందని తల్లిని నిందించేవారికి ఈ సంగతి చెప్పండి. కోళ్లలో ఇది తిరగబడి ఉంటుంది. పుంజుకు రెండు జడ్ క్రోమోసోములు, పెట్టకు ఒక జడ్, ఒక డబ్ల్యు. పెట్టకున్న ఆ ఒక్క జడ్ తండ్రి నుంచే వస్తుంది. కాబట్టి పుంజును ఎంచుకునేటప్పుడు దాని బరువు ఒక్కటే చూస్తే చాలదు. దాని తల్లి ఎన్ని గుడ్లు పెట్టింది, ఎన్ని పొదిగింది, ఎన్ని పిల్లలను బతికించింది అన్నది కూడా చూడాలి.

ఇది అమ్మాయికి చెప్పాను. రెండు రోజుల తరవాత ఆమె నోటుపుస్తకంతో వచ్చింది. మామ్మ జ్ఞాపకం నుంచి, గోడమీద బొగ్గుతో గీసిన గీతల నుంచి లెక్కలు రాసుకొచ్చింది. మూడు పుంజులూ ఒకే నెలలో పుట్టినవి. కనుక బరువులు పోల్చవచ్చు. మొదటిది కిలో తొమ్మిది వందల గ్రాములు. బేరం వచ్చింది దానికే. దాని తల్లి 12 గుడ్లు పొదిగి 10 పిల్లలను బతికించింది. రెండోది కిలో ఆరు వందలు. దాని తల్లి మధ్యలోనే గంప దిగిపోయే రకం. మూడోది కిలో ఏడు వందలు. అది వాళ్ల మందలోది కాదు. పక్క ఊరి నుంచి మేనత్త పంపిన గుడ్లను మామ్మ వేరే పెట్ట కింద పెడితే లేచింది. మేనత్త పెట్ట కూడా మంచి తల్లే.

"అయితే పెద్దదాన్నే ఉంచాలాండీ?" అంది.

"దాని అక్కచెల్లెళ్లే కదమ్మా మీ పెట్టలు?" అన్నాను.

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. "అయితే దాన్ని అత్తకిచ్చేసి, అత్త ఊరిదాన్ని మేం ఉంచుకుంటే?"

నేను చెప్పాలనుకున్నది ఆమే చెప్పేసింది! ఆ మాట ఇంట్లో చెప్పడం మాత్రం తేలిక కాలేదట. పెద్ద పుంజుకు వచ్చిన బేరం వదులుకోవాలంటే పండగ ఖర్చుకు ఇబ్బంది. తండ్రి రెండు రోజులు మాట్లాడలేదు. మామ్మే, "గింజలు అమ్ముకోవచ్చుగాని విత్తనాలు అమ్ముకుంటామా?" అందట. రెండో పుంజు సంతకు వెళ్లింది. మొదటిది మేనత్త ఇంటికి వెళ్లింది. మూడోది ఇప్పుడు వాళ్ల పెరట్లో కూస్తోంది.

మీరే చేసి చూడండి

1. పొదిగించే గుడ్లు వారం రోజులకన్నా పాతవి కాకుండా, పగుళ్లు లేకుండా చూడండి. ఏడో రోజు రాత్రి చీకటి గదిలో గుడ్డు వెనక టార్చిలైటు పెట్టి చూడండి. సాలెపురుగులా ఎర్రని రక్తనాళాలు కనిపిస్తే లోపల పిల్ల ఎదుగుతున్నట్టు. ఏమీ కనిపించకపోతే అది వట్టి గుడ్డు. చూసిన వెంటనే గుడ్లను మళ్లీ పెట్ట కింద పెట్టెయ్యాలి.

2. ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని గంపలో ఇనుపముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ పెడతారు. నిజమేనా? కొన్ని గంపల్లో పెట్టి, కొన్నిటిలో పెట్టకుండా చూడండి. ఎన్ని గుడ్లు పెట్టారు, ఎన్ని లేచాయి అని రెండిటికీ రాయండి. ఒక్కసారి చూసి తేల్చెయ్యకండి. నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి లెక్కలు పోగుచెయ్యండి.

3. మీ వీధిలో కోళ్ల జుట్లు లెక్కపెట్టండి. బఠాణీ జుట్టు పుంజు "బబ" అవునో, "బఒ" అవునో తెలుసుకోవాలంటే దాన్ని ఒంటిరేకు జుట్టు పెట్టలతో ఉంచండి. పిల్లల్లో ఒక్కదానికి ఒంటిరేకు జుట్టు వచ్చినా అది "బఒ". దీన్నే పరీక్షా సంకరణం అంటారు.

4. ప్రతి పెట్టకూ పుస్తకంలో ఒక పుట కేటాయించండి. పెట్టిన గుడ్లు, పొదిగినవి, ఎనిమిది వారాలకు బతికిన పిల్లలు, వాటి బరువు రాయండి. సంతలో కాయగూరలు తూచే కాటా చాలు.

అమ్మాయి నోటుపుస్తకంలో ఇప్పుడు కొత్త పుటలు మొదలయ్యాయి. ఈ ఏటి పిల్లలు కిందటేటి పిల్లలకన్నా బాగుంటాయా? దానికి జవాబు నా దగ్గర లేదు, ఆ గంపలో ఉంది. పిల్లలు పెరిగి కాటా ఎక్కాక చెబుతాయి. ఈలోగా మీరు మీ పెరట్లోకి వెళ్లి చూడండి. వచ్చే పండక్కి మీ ఇంట్లో ఏ పుంజును అమ్మబోతున్నారు? ఏ పుంజును ఉంచబోతున్నారు? బేరగాడు రాకముందే లెక్క చూసుకోండి.